భీమవరంలో ఆక్వా ఎగ్జిబిషన్ పెడదామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గోదారి_మేత (భీమవరం):
అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా రొయ్యల మేత, మందుల డీలర్‌షిప్ చేస్తున్నాను. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మన ఊళ్లోనే ఒక ఆక్వా ఎగ్జిబిషన్ పెడదామని ఆలోచన. మేత కంపెనీలు, రొయ్య పిల్లల్ని అమ్మే హేచరీలు, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల వాళ్లు, ల్యాబులు, సోలార్ వాళ్లు, అందరినీ ఒక్కచోటికి తేవాలని. పెద్ద షోలన్నీ హైదరాబాద్, చెన్నై, కొచ్చి అంటూ దూరంగా జరుగుతాయి. 2016లో ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో విశాఖలో పెట్టినప్పుడు వెళ్లాను, అదంతా ఎక్స్‌పోర్టర్లు, విదేశీ బయ్యర్ల లోకం, చెరువు గట్టు మీద ఉండే రైతుకి అక్కడ పెద్దగా పని లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేసినప్పటి నుంచి నా షాపుకి వచ్చే ప్రతి రైతూ అడిగేది ఒకటే, ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలి అని. ఆ రైతు కోసమే ఈ షో.

అనుకున్నది ఇది: 60 స్టాళ్లు, మూడు రోజులు, జనవరి 10, 11, 12. ఊరి బయట 8,000 చదరపు అడుగుల ఏసీ ఫంక్షన్ హాలు మాట్లాడాం, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. స్టాల్ 45,000 చెబుదామనుకుంటున్నాం. ముగ్గురికీ ఈ పని కొత్త. ఎక్కడ దెబ్బ తింటామో ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

స్టాల్_మేస్త్రి (హైదరాబాద్):
తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వలేదన్నావు, బతికించావు. పదిహేడేళ్లుగా స్టాళ్లు కడుతున్నాను, మొదటిసారి పెట్టేవాళ్లలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఈ లెక్కలోనే. ప్యానెళ్లతో కట్టే మామూలు షెల్ స్టాల్ అంటే 3 మీటర్లు బై 3 మీటర్లు, 9 చదరపు మీటర్లు. 60 స్టాళ్లంటే 540. దాన్ని అడుగుల్లోకి మారిస్తే 5,800 చిల్లర, హాలు 8,000 ఉంది కదా సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. మనుషులు నడవాలి, వరుసకీ వరుసకీ మధ్య 3 మీటర్ల దారి వదలాలి, రిజిస్ట్రేషన్ కౌంటర్ ఉంటుంది, ఎమర్జెన్సీ తలుపుల ముందు ఖాళీ ఉండాలి. హాలు మొత్తంలో సగమే స్టాళ్లకి పనికొస్తుందని లెక్కేసుకో. 8,000 అడుగులంటే 743 చదరపు మీటర్లు, సగం 370. అంటే గట్టిగా 40 స్టాళ్లు కాగితం మీద, 34-36 నిజంగా. 60 అమ్మేసి చివరి రాత్రి నాకు ఫోన్ చేసి అన్నా ఎలాగైనా ఇరికించు అంటే నేను ఏం చెయ్యను? దారి తగ్గించమంటారు, నేను ఒప్పుకోను, అక్కడే గొడవ.

హాల్లో స్తంభాలు ఎక్కడున్నాయో, స్టేజీ పర్మనెంటుగా కట్టేసి ఉందా, సరుకు దింపే తలుపు ఎత్తు వెడల్పులు ఎంతో టేపు పట్టుకుని నువ్వే కొలుచుకో, మేనేజర్ చెప్పిన కొలత నమ్మకు. ఫంక్షన్ హాళ్లలో పెళ్లికూతురు నడిచే తలుపు పెద్దగా ఉంటుంది, సామాన్ల తలుపు మాత్రం వంటింటి వైపు ఇరుకుగా ఉంటుంది. నీ ఎగ్జిబిటర్లు తెచ్చేది ఏరేటర్లు, బ్లోయర్లు, ట్యాంకులు.

చెరువుగట్టు (ఉండి దగ్గర):
నేను రైతుని, 14 ఎకరాలు. హాలు సంగతి నాకు తెలీదు గానీ తేదీ మాత్రం మార్చండి బాబూ. జనవరి 10 నుంచి 12 ఏంటండీ? అది భీమవరం! సంక్రాంతికి బయట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో లాడ్జీల్లో గది దొరకదు, దొరికినా రేటు మామూలు రోజుల్లో లాగా ఉండదు. మీ కంపెనీల వాళ్లు చెన్నై నుంచి వచ్చి ఎక్కడ పడుకుంటారు? మాకేమో ఇంటి నిండా చుట్టాలు, అల్లుళ్లు. ఆ వారంలో ఏరేటర్ బేరం చేసే రైతు ఎవడూ ఉండడు.

మాకు తీరిక ఎప్పుడంటే ఎండాకాలం పంటకి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదలకముందు. చెరువు ఎండబెట్టి, దున్ని, సున్నం కొట్టి, ఎదురు చూస్తుంటాం చూడండి, అప్పుడు. ఏరేటర్ కొనేదీ, హేచరీ ఖాయం చేసుకునేదీ, ఏ మేత వాడాలో తేల్చుకునేదీ అప్పుడే. సీడ్ వదిలాక మనిషి చెరువు దగ్గరే కట్టుబడిపోతాడు, పొద్దున్న ఆరుకి మేత, ఎనిమిదికి మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే, మళ్లీ పదికి మేత, మళ్లీ ట్రే. ఆ టైంలో మీరు ఫ్రీ భోజనం పెట్టినా రాం.

గోదారి_మేత:
మేస్త్రి అన్నా, మీ లెక్క చూసి గుండె జారింది, కానీ మంచిదైంది. చెరువుగట్టు బాబాయ్ గారూ, సంక్రాంతికి ముందు అందరి చేతిలో డబ్బులు ఉంటాయని ఆ తేదీ పెట్టాం, మీరు చెప్పాక అర్థమైంది. జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదట్లో అయితే? కానీ ఫిబ్రవరి అంటే హాలు వాళ్లు ఇప్పుడే రేటు రెండింతలు చెబుతున్నారు.

కొండాపూర్_విజయ (హైదరాబాద్):
రెండింతలు చెబుతున్నారంటే మాఘం వచ్చేసిందన్నమాట, పెళ్లిళ్లు. ఈ పనిలో దిగినవాళ్లు ఎక్సెల్ షీటు కంటే ముందు పంచాంగం తెరవాలి. నేను పన్నెండేళ్లు ఎగ్జిబిషన్ కంపెనీల్లో విజిటర్ ప్రమోషన్ చూశాను, ఫంక్షన్ హాళ్లలో పెట్టే ప్రతి షోకీ మొదట చూసేది మూఢం ఎప్పుడుంది, పుష్యం ఎప్పుడు అయిపోతుంది అనే. సంక్రాంతి ఎప్పుడూ పుష్యంలోనే వస్తుంది, ఆ తర్వాత అమావాస్య దాకా ఎన్ని రోజులు మిగులుతాయో ఏడాదికో రకం, ఒక్కోసారి నాలుగైదు రోజులే, ఒక్కోసారి మూడు వారాలు. ఆ సందు పెద్దగా ఉన్న ఏడాది హాలు మీ చేతిలో ఉంటుంది, బేరం మీరు ఆడొచ్చు. సందు లేకపోతే మాఘంలోనే ముహూర్తం లేని మంగళవారం, బుధవారం పట్టుకోండి. ఒక విషయం మర్చిపోకండి, షో రెండు రోజులైనా హాలు నాలుగు రోజులు కావాలి. ముందు రోజంతా కట్టడానికి, తర్వాత సగం రోజు విప్పడానికి. ముందు రాత్రి పెళ్లి ఉంటే తెల్లారి మూడింటికి గానీ హాలు ఖాళీ అవదు, అప్పుడు మేస్త్రి గారి మనుషులు పూలు ఊడ్చుకుంటూ మొదలుపెట్టాలి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. మీ పోస్టు మొత్తం చదివాను, 60 స్టాళ్లు, రేటు, హాలు, అన్నీ ఉన్నాయి, రైతుని ఎలా రప్పిస్తారో ఒక్క ముక్క లేదు. డబ్బిచ్చేది ఎగ్జిబిటరే, నిజమే. కానీ అతను కొంటున్నది 9 చదరపు మీటర్లు కాదు, ఆ 9 మీటర్ల ముందు వచ్చి నిలబడే మనిషిని. స్టాళ్లు అమ్మడానికి ఆరు నెలలు తిరిగి, విజిటర్ల కోసం ఆఖరి పది రోజుల్లో నాలుగు ఫ్లెక్సీలు, ఒక ఆటో మైకు పెట్టే షోలు ఎన్నో చూశాను. వాటికి రెండో ఏడాది ఉండదు.

ఏరేటర్_సేల్స్ (నెల్లూరు):
విజయ గారు చెప్పింది నాకు జరిగింది. పేరు వద్దు, జిల్లా కూడా వద్దు. మూడేళ్ల కిందట ఒక షోకి పిలిచారు, పదివేల మంది రైతులు వస్తారన్నారు, కార్నర్ స్టాల్‌కి పదిహేను శాతం అదనం కూడా కట్టాను. మెషిన్లు లారీలో వేసుకుని, ఇద్దరు మెకానిక్కులతో వెళ్లాను. మొదటి రోజు పదకొండింటికి హాలు నిండిపోయింది, ఎవరా అని చూస్తే దగ్గరి కాలేజీ నుంచి బస్సుల్లో తెచ్చిన పిల్లలు. పాపం వాళ్ల తప్పేముంది, పెన్నులు, సంచులు, కీచైన్లు తీసుకున్నారు, సెల్ఫీలు దిగారు. సాయంత్రం ఆర్గనైజర్ మైకులో ఇవాళ ఇంతమంది విజిటర్లు అని గర్వంగా చెప్పాడు. రెండు రోజుల్లో నా పుస్తకంలో ఎక్కిన నిజమైన ఎంక్వైరీలు నాలుగు. ఆ పుస్తకం ఇంకా దాచాను.

గోదారి_మేత గారూ, మీరు 200 మంది రైతుల్ని తెస్తాను అని చెప్పండి, 200 మందినే తీసుకురండి, చెరువు ఉన్నవాళ్లని. నేను 45,000 కాదు, 60,000 ఇచ్చి వస్తాను.

చెరువుగట్టు:
రైతుని రప్పించడం అంత కష్టమేం కాదండీ, అతనికి ఆ రోజు ఒక పని జరగాలి. నేను చెప్పనా? హాలు బయట ఒక టెంటు వేసి నీళ్ల టెస్టింగ్ ఉచితంగా పెట్టండి. ఉప్పు శాతం, పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, ఈ ఐదూ చాలు. మా ఊళ్లో ప్రతివాడూ వాటర్ బాటిల్లో చెరువు నీళ్లు పట్టుకుని బండి మీద వస్తాడు. రిపోర్టు రావడానికి గంట, గంటన్నర పడుతుంది కదా, ఆ టైంలో లోపల తిరగడా? బాటిల్ మీద స్కెచ్ పెన్నుతో ఊరు, చెరువు నంబరు రాయించండి, రిపోర్టు తీసుకునేటప్పుడు ఎకరాలు ఎన్ని అని అడగండి, మీకు కావలసిన లెక్కంతా అక్కడే వస్తుంది.

కానీ ఒకటి, రొయ్యల్ని మాత్రం లోపలికి రానివ్వొద్దు. జబ్బు చేసిన రొయ్యని కవర్లో వేసుకుని చూపించడానికి తెస్తారు, అలవాటు. తెల్లమచ్చ జబ్బు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి నీళ్లతో కూడా పోతుంది. టెస్టు అయిపోయిన నీళ్లు పారబోయడానికి బ్లీచింగ్ కలిపిన డ్రమ్ము పెట్టండి, పక్కనే కాలవ ఉంటే అందులో పొయ్యనివ్వకండి. ఇది చెయ్యకపోతే మంచి చెయ్యబోయి చెడు చేసినవాళ్లం అవుతాం.

కొండాపూర్_విజయ:
బాబాయ్ గారూ, మేం ఏజెన్సీలకి లక్షలు పోసి ఇలాంటి ఆలోచన కోసం కూర్చునేవాళ్లం. హైదరాబాద్ హైటెక్స్‌లో ఏటా నవంబరులో జరిగే పౌల్ట్రీ ఇండియా చూడండి, కోళ్ల ఫారాల వాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఖర్చు పెట్టుకుని వస్తారు, ఎందుకంటే ఆ ఏడాది కొనాల్సిన మెషినరీ అక్కడ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. హైదరాబాద్ నుమాయిష్ వేరు, అది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన జనం ఎగ్జిబిషన్, టికెట్ కొని కుటుంబంతో వచ్చి మిర్చి బజ్జీ తిని దుప్పట్లు కొనుక్కునేది. అక్కడ తల లెక్కే లెక్క. మీది అది కాదు. ఊరి జనం మొత్తం రావాలని ఆశపడకండి.

కరెంటు_బాబాయ్ (ఏలూరు):
నా వంతు. ఫంక్షన్ హాలు కరెంటు ఏసీలకీ, లైట్లకీ, డీజేకీ సరిపోయేలా తీసుకుని ఉంటారు. స్టాల్‌కి ఒక 5 ఆంప్స్ ప్లగ్గు ఇస్తాం, మూడు స్పాట్ లైట్లు ఇస్తాం, అంతవరకు పర్లేదు. కానీ ఏరేటర్ వాళ్లు డెమో చూపించకుండా ఉంటారా? 2 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 1.5 కిలోవాట్లు, స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. నాలుగు స్టాళ్లు ఒకేసారి స్విచ్చి వేశాయంటే హాలు మొత్తం చీకటి. బుకింగ్ ఫారంలోనే అడుగు, ఎన్ని కిలోవాట్లు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని. త్రీ ఫేజ్ కావాలన్న వాళ్లందరినీ ఒకే గోడ వైపు పెట్టు, దానికి వేరే లైను, వేరే జనరేటర్. నీళ్ల ట్యాంకు ఉన్న ప్రతి స్టాల్‌కీ కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే లీకేజీ బ్రేకర్ తప్పనిసరి, ఈ ఒక్కదానిలో బేరం వద్దు. కార్పెట్ కింద వైరు జాయింట్లు ఉండకూడదు. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లిలో నుమాయిష్ స్టాళ్లు ఎలా తగలబడ్డాయో టీవీలో అందరం చూశాం, ప్రాణాలు పోలేదు, అది దేవుడి దయ. ఫైర్ వాళ్ల ఎన్ఓసీ కోసం నెల ముందే లేఅవుట్ పట్టుకుని వెళ్లు, ఆఖరి వారంలో వెళితే వాళ్లు ఏ మార్పు చెప్పినా చెయ్యలేవు.

లెక్కల_మాస్టారు (విజయవాడ):
రేటు సంగతి. 45,000 అని నోటితో చెబితే ఎగ్జిబిటర్ అన్నీ కలిపి అనుకుంటాడు. 18 శాతం జీఎస్టీ అదనం అని మొదటి రోజే కాగితం మీద రాయండి, వాళ్ల జీఎస్టీ నంబరు తీసుకుని ఇన్వాయిస్‌లో వేయండి, రిజిస్టరైన కంపెనీలు ఆ మొత్తాన్ని క్రెడిట్‌గా తమ పన్నులో తగ్గించుకుంటాయి. ఆ 18 శాతం మీ డబ్బు కాదు, వేరే ఖాతాలో పడేయండి, హాలు అడ్వాన్స్‌కి వాడేస్తే తర్వాత ఇబ్బంది పడేది మీరే.

డబ్బు కట్టే వరుస కూడా ముఖ్యం. బుకింగ్‌కి సగం, షోకి నెల ముందు మిగతా సగం. బాకీ ఉన్నవాళ్లకి స్టాల్ అప్పజెప్పొద్దు, తెలిసినవాళ్లైనా సరే. తెలిసినవాళ్ల దగ్గరే బాకీలు మిగులుతాయి. షో రద్దయితే ఏంటి అన్న క్లాజు హాలు అగ్రిమెంటులో ఒకటి, ఎగ్జిబిటర్ అగ్రిమెంటులో ఒకటి ఉంటాయి, ఆ రెండూ ఒకదానికొకటి పొసగాలి. 2020 మార్చిలో నా క్లయింట్ ఒకాయన ఎగ్జిబిటర్లందరికీ డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది, హాలు వాళ్లేమో వాపసు లేదన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అందరికీ తిరిగి ఇచ్చాడు. ఇవాళ్టికీ ఆయన ఫోన్ చేస్తే కంపెనీలు ఎత్తుతాయి.

న్యూజెర్సీ_సుబ్బు:
నేను వ్యాపారంగా చెయ్యలేదు, ఇక్కడ తెలుగు సంఘాల కన్వెన్షన్లకి వాలంటీరుగా వెండర్ కమిటీలో రెండుసార్లు చేశాను. ఇక్కడ 1977లో తానా మొదలైనప్పటి నుంచీ రెండేళ్లకోసారి మహాసభలు జరుగుతున్నాయి, ఎక్కువగా జులై 4 సెలవులకి దగ్గర్లో. ఇండియా నుంచి చీరల వాళ్లు, నగల వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు స్టాల్ డబ్బు కట్టేసి హాయిగా వచ్చేస్తారు, వచ్చాక తెలుస్తుంది సరుకు దింపే డాక్ దగ్గర నుంచి స్టాల్ దాకా పెట్టెలు తేవడానికి ప్రతి 100 పౌండ్లకీ ఇంత అని వేరే బిల్లు ఉంటుందని. చాలా సెంటర్లలో సొంతంగా ట్రాలీలో తోసుకు రానివ్వరు, లైటు బిగించాలన్నా యూనియన్ మనిషే బిగించాలి. ఒకసారి ఒక పెద్దావిడ, చేనేత చీరలు అమ్ముకునే ఆవిడ, ఆ బిల్లు చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డారు. తప్పు మాది, మా బ్రోచరులో ఆ ముక్క లేదు. మీ దగ్గర అంత ఉండకపోవచ్చు, కానీ కూలి ఎవరిది, కరెంటు అదనం ఎంత, వై-ఫై ఉందా లేదా, అన్నీ స్టాల్ రేటు పక్కనే రాయండి.

లాడ్జి గదుల మాట కూడా. ఇక్కడ హోటల్ వాళ్లు కొన్ని గదులు కలిపి మనకోసం పట్టి పెడతారు, బ్లాక్ అంటారు, దాంట్లో ఇంత శాతం నిండకపోతే మిగతా గదుల డబ్బు సంఘమే కట్టాలి. మీరు గదులు పట్టి పెట్టేటప్పుడు ఏ తేదీ దాకా ఊరికే వదులుకోవచ్చో రాయించుకోండి.

గోదారి_మేత:
ఒక సందేహం. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లని పిలవాలి కదా, పిలవకపోతే ఊళ్లో బాగోదు. ఇంకోటి, ఎంట్రీ ఫీజు 50 పెడితే ఊరికే తిరిగేవాళ్లు తగ్గుతారా?

చెరువుగట్టు:
ఫీజు పెట్టకండి. 50 రూపాయలకి కాదు, గేటు దగ్గర ఆపి డబ్బులడిగితే రైతు వెనక్కి తిరుగుతాడు.

కొండాపూర్_విజయ:
నేను ఫీజు పెట్టమనేదాన్ని, కానీ మీ ఊరి మనిషి మాట ముందు నా మాట వద్దు. ఫీజు బదులు ఫోన్ నంబరు, ఊరు, ఎకరాలు రాస్తేనే బ్యాడ్జి. బ్యాడ్జి రంగు వేరు చేయండి, రైతుకి ఆకుపచ్చ, డీలరుకి నీలం, విద్యార్థికి పసుపు. స్టాల్లో కూర్చున్నవాళ్లకి దూరం నుంచే తెలుస్తుంది. విద్యార్థులకి రెండో రోజు మధ్యాహ్నం పెట్టండి, ఫిషరీస్ చదివే పిల్లలు రావాలి కూడా.

పెద్దవాళ్ల ప్రారంభోత్సవం మాత్రం ముందు రోజు సాయంత్రం పెట్టేయండి, ఎగ్జిబిటర్లకి విందు ఉన్నప్పుడే. పొద్దున్న పెడితే వాళ్లు వచ్చేది పన్నెండింటికి, అప్పటిదాకా గేటు బయట రైతులు ఎండలో, లోపల సేల్స్ వాళ్లు ఖాళీగా. రెండు రోజుల షోలో పూట పోతే నాలుగో వంతు పోయినట్టే.

స్టాల్_మేస్త్రి:
ఇంకో రెండు మాటలు చెప్పి ఆపేస్తా. స్టాల్ పైన కంపెనీ పేరు రాసే పట్టీ ఉంటుంది, ఫేషియా అంటాం. ఆ పేరు ఫోన్లో చెప్పించుకోవద్దు, వాళ్ల చేత రాయించి సంతకం పెట్టించు. రాత్రి పదకొండింటికి స్టిక్కర్ కటింగ్ షాపు ఏ ఊళ్లోనూ తెరిచి ఉండదు, ఒక్క అక్షరం తప్పు పడితే ఆ కంపెనీ ఓనరు రెండు రోజులూ దాన్నే చూస్తుంటాడు. రెండోది, ఆఖరి రోజు మూడింటికే బ్యానర్లు పీకడం మొదలుపెడతారు, ఒకడు మొదలెడితే అందరూ. నాలుగింటికి బండేసుకుని వచ్చిన రైతుకి ఖాళీ ప్యానెళ్లు కనిపిస్తాయి. ఆరు గంటల దాకా గేటు పాస్ ఇవ్వం అని ఒప్పందంలోనే రాయి, లారీల్ని ఆరు దాకా కాంపౌండులోకి రానివ్వకు.

గోదారి_మేత:
అందరికీ పేరు పేరునా థాంక్స్. వారం ఆగి రాస్తున్నాను. నిన్న మేం ముగ్గురం టేపు పట్టుకుని హాలుకి వెళ్లాం. 8,000 అన్నది 7,350 వచ్చింది, సామాన్ల తలుపు నాలుగడుగులే ఉంది. దాన్ని వదిలేశాం. ఉండి రోడ్డులో ఇంకో హాలు చూశాం, కొంచెం పెద్దది, లారీ వెనక్కి పెట్టి దింపుకోవచ్చు, వెనక ఖాళీ స్థలంలో టెస్టింగ్ టెంటు పడుతుంది. పంతులుగారిని అడిగితే సంక్రాంతి తర్వాత పుష్యంలో మంచి సందే ఉందన్నారు, హాలాయన మామూలు రేటుకి నాలుగు రోజులు ఇస్తానన్నాడు. 34 స్టాళ్లు, రెండు రోజులు. ఇవాళ పొద్దున్న స్టాళ్ల అమ్మకం మొదలుపెట్టకుండా ముందు రైతుల పేర్లు రాయడం మొదలెట్టాం, నా షాపు ఖాతా పుస్తకం నుంచే 118 పేర్లు వచ్చాయి.

చెరువుగట్టు:
మా ఊళ్లో 22 మంది ఉన్నారు, రాసుకో. నంబర్లు రాత్రికి పంపిస్తా. అమ్మోనియా కిట్లు ఎక్కువ తెప్పించు, అందరూ ముందు అదే అడుగుతారు.

ఏరేటర్_సేల్స్:
త్రీ ఫేజ్ గోడ వైపు ఒక స్టాల్ నాకు. ఫారం పంపండి, సగం డబ్బు సోమవారం వేస్తాను.